‘ఆపు’ అన్న మాట: రంగులరాట్నం నుంచి థీమ్ పార్కు వరకు పసిపిల్లల సంసిద్ధతా నిర్ణయ చరిత్ర

వ్యాస సంగ్రహం

వేగంగా తిరిగే రైడ్లు, ఎత్తు నుంచి జారే రైడ్లు పసిపిల్లలను ఎప్పుడు ఎక్కించవచ్చుననేది తల్లిదండ్రుల సొంత విషయంగానే సాధారణంగా కనిపిస్తుంది. కాని ఆ నిర్ణయానికీ ఒక చరిత్ర ఉంది. చేతితో తిప్పే రంగులరాట్నం కాలంలో అది ఆట సాగుతున్నంతసేపూ మార్చుకోదగిన నిర్ణయం. మధ్యలో ఆపడానికి వీలులేని యంత్రాలు వచ్చిన తరువాత అది ఎక్కడానికి ముందటి క్షణానికి జరిగి, చివరకు ఎత్తు కొలబద్దగా కుదించుకుపోయింది. తెలుగు నేలపై ఈ పరిణామాన్ని అనుసరించి, కొలబద్ద దేనిని కొలుస్తుందో, దేనిని కొలవదో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలక పదాలు: రంగులరాట్నం, నుమాయిష్, థీమ్ పార్కు, ఎత్తు నిబంధన, బాల్యం, సమ్మతి, దొంతన్‌పల్లి.

1. ఉపోద్ఘాతం

హైదరాబాదుకు పడమట శంకర్‌పల్లి మార్గంలో దొంతన్‌పల్లి గ్రామం ఉంది. రంగారెడ్డి జిల్లా శంకర్‌పల్లి మండలానికి చెందిన ఈ గ్రామం చేవెళ్ల, మొయినాబాద్, షాబాద్, నవాబుపేట మండలాలతో పాటు చేవెళ్ల శాసనసభ నియోజకవర్గంలో భాగం. ఒకప్పుడు పొలాలతో, కూరగాయల తోటలతో నగరానికి తిండి పెట్టిన ప్రాంతమిది. గత మూడు దశాబ్దాలలో విద్యాసంస్థలకు, విల్లాలకు, వారాంతపు విడిదులకు నెలవుగా మారింది. 158 కిలోమీటర్ల బాహ్య వలయ రహదారి రావడంతో ఈ మార్పు మరింత వేగం అందుకొన్నది. ఇక్ఫాయ్ విశ్వవిద్యాలయ ప్రాంగణం ఇక్కడిదే. నీటి రైడ్లు, పొడి రైడ్లు రెండూ ఉన్న వైల్డ్ వాటర్స్ థీమ్ పార్కు కూడా ఈ ప్రాంతంలోనే వెలసింది.

ఇటువంటి పార్కులో ప్రతి పెద్ద రైడ్ ముంగిట ఒక కొలబద్ద నిలిచి ఉంటుంది. పిల్లవాడిని దాని పక్కన నిలబెడతారు. తల గీతను తాకితే లోపలికి, తాకకపోతే వెనక్కి. పిల్లవాడు సిద్ధంగా ఉన్నాడా లేదా అన్న సందేహం ఆ గీత దగ్గర తీరిపోయినట్టు అందరికీ అనిపిస్తుంది. అది నిజంగా తీరిందా అన్నదే ఈ వ్యాసంలోని ప్రశ్న. దానికి సమాధానం వెదకాలంటే కొలబద్ద లేని కాలానికి వెళ్లవలసి ఉంటుంది.

2. చేతితో తిప్పే చక్రం

నూలు వడికే చక్రానికి తెలుగులో రాట్నమని పేరు. రంగులు పూసి, పిల్లలను కూర్చోబెట్టి తిప్పే చక్రం రంగులరాట్నమైంది. తిరునాళ్లలో, జాతరలలో రెండు రకాల రంగులరాట్నాలు కనిపించేవి. నిట్టగుంజ చుట్టూ కొయ్యగుర్రాలు అడ్డంగా తిరిగేది ఒకటి. నాలుగు పెట్టెలు కింది నుంచి పైకి, పై నుంచి కిందికి వచ్చేది మరొకటి. రెండింటినీ మనిషే తిప్పేవాడు. పెద్ద చక్రాలైతే యువకులు ఊచల మీదికి ఎగబాకి తమ బరువుతో వాటిని తిప్పే పద్ధతి భారతీయ సంతలలో ఇటీవలి వరకు కొనసాగింది.

ఈ ఏర్పాటులో గమనించవలసిన సాంకేతిక లక్షణం ఒకటి ఉన్నది. చక్రాన్ని నడిపే శక్తి, బిడ్డ ఏడుపును వినే చెవి ఒకే మనిషివి. బిడ్డ గుక్కపట్టి ఏడిస్తే తిప్పేవాడు చేయి అడ్డం పెట్టి చక్రాన్ని నిలిపేవాడు. చుట్టూ నిలిచిన తల్లి, మేనమామ, తాత ‘ఆపు’ అని కేక వేయగలిగిన దూరంలోనే ఉండేవారు. దించిన బిడ్డ కాసేపటికి మళ్లీ ఎక్కుతానంటే మళ్లీ ఎక్కించేవారు. కనుక ‘ఈ పిల్ల సిద్ధంగా ఉందా’ అన్న ప్రశ్నకు ముందుగా సమాధానం తేల్చుకోవలసిన అవసరమే లేదు. ఎక్కించి చూడడమే పరీక్ష, దించడమే దిద్దుబాటు.

అట్లతద్ది ఉయ్యాలలోనూ ఇదే తీరు. ఊగే పిల్ల తన కాళ్లతో వేగాన్ని పెంచుకొంటుంది, తగ్గించుకొంటుంది. వెనుక నుంచి ఊపేవారు ఆమె అరుపులో సంతోషమెంతో, భయమెంతో పోల్చుకొంటారు. ఎంత ఎత్తుకు ఊగాలన్నది ఏ పెద్దా ముందుగా నిర్ణయించినది కాదు. అది ఊగుతుండగా కుదిరే ఒప్పందం.

ఫ్రెంచి చింతకుడు రోజే కైవా 1958లో ప్రచురించిన క్రీడాసిద్ధాంత గ్రంథంలో తల తిరగడంలోని ఆనందాన్ని ఆటలలో ఒక ప్రత్యేక వర్గంగా గుర్తించాడు. గిరగిర తిరిగి కూలబడి నవ్వే పసివాడు మొదలుకొని సంతలోని యంత్రాల దాకా అతడు ఆ వర్గంలోనే చేర్చాడు. ఆటకు అతడు చెప్పిన మొదటి లక్షణం స్వేచ్ఛ. బలవంతంగా ఆడించేది ఆట కాజాలదు. ఈ సూత్రం వెలుగులో చూస్తే రంగులరాట్నంపై పిల్లవాడి స్వేచ్ఛ ఆట పొడవునా నిలిచి ఉండేదని స్పష్టమవుతుంది.

3. నుమాయిష్: మీట దగ్గరి మనిషి

హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయ పట్టభద్రుల చొరవతో 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో ఆరంభమైన నుమాయిష్ 1946లో నాంపల్లి మైదానానికి మారింది. స్థానిక ఉత్పత్తుల ప్రదర్శనగా మొదలై, క్రమంగా జనవరి, ఫిబ్రవరి మాసాలలో నగరమంతా ఎదురుచూసే వేడుకగా స్థిరపడింది. ఆంధ్ర, తెలంగాణ ప్రాంతాల పట్టణాలలో ‘ఎగ్జిబిషన్’ అన్న మాటకు ప్రదర్శనశాల కన్నా జెయింట్ వీల్ అన్న అర్థమే జనంలో బలపడింది. కొలంబస్, బ్రేక్ డాన్స్, మృత్యుబావి ఈ ఎగ్జిబిషన్ సంస్కృతి తెచ్చిన పేర్లే.

విద్యుత్తు మోటారు రావడంతో తిప్పేవాడు చక్రానికి దూరంగా మీట దగ్గరికి వెళ్లాడు. దీపాల వెలుగు, ధ్వనివర్ధకాల పాటలు, మోటారు రొద మధ్య ఒక బిడ్డ ఏడుపు అతడికి వినబడడం కష్టమైంది. విన్నా ఒక్క పెట్టె కోసం మొత్తం చక్రాన్ని నిలపాలి. కిందికి దించాలంటే ఆ పెట్టె నేల దగ్గరికి వచ్చేదాకా ఆగాలి. ‘ఆపు’ అన్న మాటకు ఇంకా విలువ ఉంది కాని ఆ మాటకూ చక్రం నిలవడానికీ మధ్య ఎడం పెరిగింది. అయినా ప్రతి ఆటకు విడిగా టికెట్టు కొనే పద్ధతి కొనసాగడం వల్ల పిల్లవాడి నిరాకరణకు ఇంట్లో మన్నన దక్కేది. ఎక్కనన్న పిల్లవాడు ఆ మేరకు డబ్బు మిగిల్చినవాడే.

యంత్రం తనకు తానుగా నిలిచిపోతే ఏమవుతుందో కూడా ఇదే మైదానం చూపింది. 2025 జనవరిలో నుమాయిష్‌లో ఒక రైడ్ నడుమ ఆగిపోయి, అందులోని వారు చాలాసేపు తలకిందులుగా చిక్కుకొన్నారు. చేతిచక్రం మీద ఆగడమంటే భద్రత. యంత్రం మీద ఆగడమే ప్రమాదంగా మారే స్థితి ఉన్నదని ఈ సంఘటన తెలుపుతుంది.

4. ఆపలేని బండి

రోలర్ కోస్టర్ కథ రష్యాలో మంచు దిబ్బల మీద జారే ఆటతో మొదలై, 1817లో పారిస్ నగరంలో చక్రాల బండ్లుగా మారింది. 1884లో అమెరికాలోని కోనీ ఐలాండ్‌లో లామార్కస్ థాంప్సన్ నెలకొల్పిన రైలు గంటకు సుమారు ఆరు మైళ్ల వేగంతో సాగేది. రుసుము అయిదు సెంట్లు. చివరకు చేరాక ప్రయాణికులు దిగి, బండిని మరో పట్టాపైకి మార్చిన తరువాత తిరిగి ఎక్కేవారు. పట్టాకు అడుగున పట్టుకొనే చక్రాలను 20వ శతాబ్ది తొలి దశకాలలో జాన్ మిల్లర్ రూపొందించిన పిమ్మట వాలు నిటారైంది, వేగం పెరిగింది. 1959లో డిస్నీల్యాండ్‌లో గొట్టపు ఉక్కు పట్టాలతో మాటర్‌హార్న్ వచ్చింది.

ఈ బండిని నడిపేది గురుత్వాకర్షణ. శిఖరం దాటిన బండిని మధ్యలో నిలిపి, భయపడిన ఒక బిడ్డను దించి, మిగిలినవారితో ముందుకు సాగడం అసాధ్యం. అక్కడ ‘ఆపు’ అన్న మాటకు యంత్రపరమైన అర్థం లేదు. కైవా చెప్పిన స్వేచ్ఛ అంతా ఎక్కడానికి ముందటి క్షణంలోకి కుదించుకుపోయింది. సంసిద్ధత అనే ప్రశ్న చరిత్రలో ఒక ప్రత్యేక ప్రశ్నగా తలెత్తినది ఇక్కడే. వెనక్కు తీసుకొనే వీలున్న నిర్ణయానికి సంసిద్ధతను ముందుగా కొలవనక్కరలేదు. వెనక్కు తీసుకోలేని నిర్ణయానికి కొలత కావాలి. ఆ అవసరాన్ని తీర్చడానికి చేతికి అందిన సాధనం ఎత్తు కొలబద్ద.

భారతదేశంలో ఈ దశ 1984లో ఢిల్లీలోని అప్పూ ఘర్‌తో మొదలైంది. ముంబయిలో 1989లో ఎస్సెల్ వరల్డ్ వచ్చింది. హైదరాబాదు పరిసరాలలో గండిపేట మార్గంలోని ఓషన్ పార్కు, 1996లో రామోజీ ఫిల్మ్ సిటీ, 2016లో రావిర్యాల దగ్గర వండర్‌లా, దొంతన్‌పల్లి ప్రాంతంలో వైల్డ్ వాటర్స్ ఈ పరంపరలోనివే. జాతర ఊరి నడుమకు వచ్చేది. పార్కు ఊరి వెలుపల గోడ కట్టుకొని కూర్చున్నది. కుటుంబం అక్కడికి ప్రయాణం చేసి వెళ్లాలి.

గోడతో పాటు టికెట్టు తీరూ మారింది. 1955లో ఆరంభమైన డిస్నీల్యాండ్ ఆ ఏడాది నుంచే రైడ్ల వారీ టికెట్ల పుస్తకాలను అమ్మి, 1982లో వాటిని ఎత్తివేసి ఒకే ప్రవేశ రుసుముకు మారింది. తెలుగు నేలకు వచ్చిన పార్కులు ప్రధానంగా ఈ రెండవ పద్ధతినే స్వీకరించాయి. రైడ్లన్నిటికీ కలిపి ముందే చెల్లించిన తరువాత, ఎక్కనన్న పిల్లవాడు డబ్బు దండగ చేసినవాడిగా కనిపిస్తాడు. ‘ఇంత దూరం వచ్చి ఎక్కవా’, ‘మీ చెల్లెలు ఎక్కింది, నీకేం భయం’ అన్న మాటలకు మూలం తల్లిదండ్రుల కఠినత్వంలో లేదు, ఈ టికెట్టు లెక్కలోనే ఉంది. జాతరలో పిల్లవాడి పక్షాన నిలిచిన డబ్బు పార్కులో ఎదురుపక్షానికి మారింది.

5. కొలబద్ద కొలిచేది ఏమిటి?

ఎత్తు నిబంధన తర్కం శరీరానికి సంబంధించినది. సీటు లోతు, మోకాళ్ల వంపు, ఒడి మీద పడే అడ్డకమ్మీ, భుజాల మీద దిగే కవచం ఒక నిర్ణీత పరిమాణం గల దేహాన్ని దృష్టిలో పెట్టుకొని తయారవుతాయి. అంతకన్నా చిన్న దేహం కమ్మీ కింది నుంచి జారిపోవచ్చు. పసివారి దేహనిర్మాణం కూడా వేరు. శిశువు పుట్టినప్పుడు తల మొత్తం పొడవులో నాలుగో వంతు ఉంటుంది. పెద్దవారిలో అది ఎనిమిదో వంతుకు దగ్గర. బరువైన తలను మోసే లేత మెడకు అకస్మాత్తుగా వచ్చే కుదుపు పెద్దవారికి కన్నా ఎక్కువ భారం. ఈ మేరకు కొలబద్ద సహేతుకమైన, తప్పనిసరి అయిన సాధనం. దానిని మోసగించి వేళ్లపై నిలబెట్టి ఎక్కించడం బిడ్డకు చేసే ద్రోహమే.

అయితే కొలబద్ద వయసును కొలవదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెరుగుదల ప్రమాణాల ప్రకారం ఆరేళ్లు నిండిన బాలుడి మధ్యస్థ ఎత్తు 116 సెంటీమీటర్లు. కొంచెం పొడగరి అయిన ఆరేళ్లవాడు సుమారు 121 సెంటీమీటర్లుంటాడు. తొమ్మిదేళ్ల బాలుడి మధ్యస్థ ఎత్తు 132 సెంటీమీటర్లకు పైగా ఉన్నా, గిడసబారుడు అంచున ఉన్న తొమ్మిదేళ్లవాడు కూడా సుమారు 121 సెంటీమీటర్ల దగ్గరే ఉంటాడు. 120 సెంటీమీటర్ల గీత దగ్గర ఈ ఇద్దరూ సమానులే. పియాజే వర్గీకరణను అనుసరిస్తే మొదటివాడు రెండు నుంచి ఏడేళ్ల వరకు సాగే పూర్వప్రచాలక దశలో, రెండవవాడు ఆ తరువాతి మూర్తప్రచాలక దశలో ఉంటారు. బండి పడిపోతున్నట్టు అనిపించడం వేరు, నిజంగా పడిపోవడం వేరు అన్న వివేచన రెండవవాడికి అందినంతగా మొదటివాడికి అందదు.

ఈ విషయం తెలుగు రాష్ట్రాలలో మరింత ప్రాముఖ్యం కలిగినది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం అయిదేళ్ల లోపు పిల్లలలో వయసుకు తగిన ఎత్తు లేనివారు తెలంగాణలో 33.1 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 31.2 శాతం. ఎత్తును వయసుకు బదులుగా, వయసును మనోపరిపక్వతకు బదులుగా వాడే అలవాటు ఇటువంటి సమాజంలో రెండు విధాల తప్పుదారి పట్టిస్తుంది. మనసు ఎదగని పొడగరిని లోపలికి పంపుతుంది. మనసు ఎదిగిన పొట్టివాడిని తోటివారి ముందు చిన్నబుచ్చుతుంది.

అదే కొలబద్ద టికెట్టు కిటికీ దగ్గర మరో పని చేస్తుంది. ఆర్టీసీ బస్సులో అర టికెట్టు వయసును బట్టి. పార్కులో బాలల టికెట్టు ఎత్తును బట్టి. వండర్‌లా వంటి చోట్ల అమలైన పద్ధతిలో 85 సెంటీమీటర్ల లోపు పిల్లలకు రుసుము లేదు, 140 సెంటీమీటర్ల లోపు వారికి తగ్గింపు. కిటికీ దగ్గర బిడ్డ పొట్టిగా ఉండాలనీ, రైడ్ దగ్గర పొడుగ్గా ఉండాలనీ ఒకే కుటుంబం ఒకే రోజున కోరుకోవడం ఇందువల్లనే సాధ్యమైంది. ఈ రెండు కోరికలలోనూ బిడ్డ మనసు ప్రస్తావన లేకపోవడం గమనార్హం.

6. గీత దాటిన తరువాత

కొలబద్దనే పూర్తి సమాధానంగా తీసుకొంటే ఏమి జరుగుతుందో ఇటీవలి చరిత్ర చెబుతుంది. అమెరికాలోని కాన్సస్ సిటీలో 2014లో తెరిచిన, 51 మీటర్ల ఎత్తు గల వాటర్ స్లైడ్‌కు మొదట 14 ఏళ్ల కనీస వయసు ఆలోచనలో ఉన్నది. ఆచరణలో అది తొలగి 54 అంగుళాల ఎత్తు నిబంధన నిలిచింది. 2016 ఆగస్టు 7న అక్కడ పదేళ్ల బాలుడు మరణించాడు. కొలరాడో రాష్ట్రంలోని ఒక పార్కులో 2021 సెప్టెంబరులో ఆరేళ్ల బాలిక కిందికి పడే రైడ్‌లో చనిపోయింది. ఆ పాప సీటు బెల్టులను పెట్టుకోలేదు, వాటి మీద కూర్చున్నది. నడిపేవారు దానిని గమనించలేదని ప్రభుత్వ విచారణ తేల్చింది. మొదటి ఘటనలో వయసు ప్రశ్న పక్కకు పోయింది. రెండవదానిలో చూసే కన్ను లోపించింది.

యంత్రమే దెబ్బతిన్నప్పుడు బిడ్డ సంసిద్ధతకు అర్థమే లేదు. 2018 మే నెలలో అనంతపురంలోని ఒక ఎగ్జిబిషన్‌లో జెయింట్ వీల్ పెట్టె ఊడిపడి పదేళ్ల బాలిక మరణించింది. 2019 జులై 14న అహ్మదాబాదులోని కాంకరియాలో లోలకం వంటి రైడ్ విరిగి ఇద్దరు మరణించారు, 29 మంది గాయపడ్డారు. భారతీయ ప్రమాణాల సంస్థ 2004లోనే వినోద రైడ్ల భద్రతకు ఐఎస్ 15475, నీటి పార్కులకు ఐఎస్ 15492 ప్రమాణాలను వెలువరించింది. ప్రమాణం కాగితం మీద ఉండడానికీ, ఊరూరా తిరిగే ఎగ్జిబిషన్‌లో ప్రతి మరనూ ప్రతి సాయంత్రం బిగించడానికీ మధ్య ఉన్న దూరాన్ని ఏ తల్లీ తన కంటితో కొలవలేదు. ఆ బాధ్యత అనుమతి ఇచ్చే అధికారిది, నడిపే యజమానిది.

కనుక సంసిద్ధత పేరిట కలగలిసిపోయినవి నిజానికి మూడు ప్రశ్నలు. యంత్రం యోగ్యంగా ఉన్నదా? దేహం యంత్రానికి సరిపోతుందా? బిడ్డ కోరుకొంటున్నదా? మొదటిదానికి ప్రభుత్వం, రెండవదానికి పార్కు నిర్వాహకులు జవాబుదారులు. మూడవది తల్లిదండ్రులకూ బిడ్డకూ మధ్యది. చేతిచక్రం కాలంలో ఈ మూడూ ఒకే చోట, ఒకే చూపులో కలిసి ఉండేవి. ఇప్పుడవి వేర్వేరు చేతులకు చేరగా, నడిమి ప్రశ్నకు చెందిన కొలబద్ద మిగతా రెండింటికీ జవాబు చెప్పినట్టు భ్రమ కల్పిస్తున్నది.

7. మెట్ల మీది అవకాశం

మూడవ ప్రశ్నను తిరిగి నిలబెట్టడానికి పార్కు నిర్మాణంలోనే కొన్ని వీలున్నాయి. దొంతన్‌పల్లి వంటి చోట నీటి రైడ్లు, పొడి రైడ్లు పక్కపక్కన ఉండడం ఇందుకు ఉపకరిస్తుంది. వాటర్ స్లైడ్‌కు మెట్లెక్కి వెళ్లాలి. పైకి చేరేదాకా నిర్ణయం మార్చుకోవచ్చు. జారడం మొదలైన తరువాతనే అది వెనక్కు తీసుకోలేనిదవుతుంది. అంటే ఆ మెట్ల వరుస పాత రంగులరాట్నం ఇచ్చిన వ్యవధిలో కొంత భాగాన్ని తిరిగి ఇస్తున్నది. రైడ్ ఒక విడత పూర్తిగా సాగేదాకా బిడ్డతో కలిసి కింద నిలిచి చూడడం, దిగివచ్చే పిల్లల ముఖాలను చూపించడం, చిన్న రైడ్ మీద ఆమె మళ్లీ అడుగుతున్నదో, మాట తప్పిస్తున్నదో గమనించడం, చెప్పిన సూచనను తిరిగి చెప్పించడం, చేతులు లోపల పెట్టుకొని కూర్చోగలదో లేదో చూడడం సంసిద్ధతను తెలుసుకొనే మార్గాలు. వీటికి గీత గీయడం సాధ్యం కాదు. ఓపిక మాత్రమే కావాలి.

ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక (1989) 31వ అధికరణం పిల్లలకు ఆడుకొనే హక్కును, 12వ అధికరణం తమకు సంబంధించిన విషయాలలో వయసుకూ పరిపక్వతకూ తగినట్టు తమ మాటకు విలువ పొందే హక్కును ఇచ్చాయి. భారతదేశం 1992లో ఈ ఒడంబడికను అంగీకరించింది. రైడ్ల విషయంలో ఈ రెండు అధికరణాలనూ కలిపి చదవాలి. ఎక్కుతానన్న మాట ఒక్కటే చాలదు, దానికి దేహం, యంత్రం సమ్మతించాలి. ఎక్కనన్న మాట మాత్రం తనంతట తానే చాలు.

8. ముగింపు

రంగులరాట్నం కాలమే మేలని చెప్పడం ఈ పరిశీలన ఉద్దేశం కాదు. చేతిచక్రాలకూ ఇరుసులు విరిగేవి, వాటికి ఏ ప్రమాణ పత్రమూ ఉండేది కాదు. నేటి పార్కులలోని కవచాలు, బెల్టులు, శిక్షణ పొందిన సిబ్బంది నిస్సందేహంగా ముందడుగు. అయితే ఆ ముందడుగులో ఒక మాట జారిపోయింది. ఆట సాగుతుండగా ‘ఆపు’ అనగలిగిన పసివాడు ఆ అవకాశాన్ని కోల్పోయాడు. దానికి బదులుగా అతడికి దక్కవలసినది ఎక్కకముందు ‘వద్దు’ అనగలిగే అవకాశం, ఆ మాట అన్నందుకు నిందపడని పరిస్థితి. కొలబద్ద పక్కనే ఉన్న వెనుదారిని తెరిచి ఉంచడం, ఎక్కని పిల్లవాడి రుసుమును గూర్చి పునరాలోచించడం పార్కుల పని. వరుస నుంచి బయటికి నడిచి వచ్చిన బిడ్డ చేయి పట్టుకొని ఏమీ అనకుండా తరువాతి ఆటకు వెళ్లడం కుటుంబం పని.

చేతితో రంగులరాట్నాలను తిప్పిన కుటుంబాలు తెలుగు జిల్లాలలో ఇంకా ఉన్నాయి. ఏ వయసు బిడ్డను ఏ పెట్టెలో కూర్చోబెట్టాలో, ఏ ఏడుపుకు ఆపాలో, ఏ ఏడుపుకు ఆపనక్కరలేదో వారికి తెలిసిన విద్య. మౌఖిక చరిత్ర పరిశోధకులు దానిని నమోదు చేస్తే తెలుగు బాల్య చరిత్రలో ఇంతవరకు అక్షరానికి ఎక్కని ఒక అధ్యాయం భద్రపడుతుంది.